ఒకే ఇంటి గొంతుకలు

విజయదశమినాటి సాయంకాలమున మద్దికెరకు పోయిన పరదేశికి ఆ యూరిలో వంశగౌరవమనునది ఎంతటి వేగముతో పరుగెత్తగలదో కన్నులార చూడ లభించును. పెద్దనగరి, చిన్ననగరి, వేమనగరి అను మూడు యాదవ కుటుంబములవారు తలపాగాలు చుట్టి, సింగారించిన గుర్రముల నెక్కి, బొజ్జనాయనిపేటలోని భోగేశ్వరస్వామిని సేవించి, అక్కడినుండి మద్దికెరవరకు పందెముగా స్వారి చేసి వత్తురు. గెలుపు రౌతుదే యైనను పేరు ఇంటికి దక్కును. ఈ పార్వేటను గూర్చి పత్రికలవారు ఏటేట వ్రాయుచునే యున్నారు. నేను చెప్పబూనినది గుర్రములు లేని వంశములను గూర్చి. ఇదే పడమటి కర్నూలు సీమలో, ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, పత్తికొండల చుట్టునున్న నల్లరేగడి పల్లెలలో, తంబుర నొకదానిని భుజమున వేసికొని, ఆలుబిడ్డలను వెంటబెట్టుకొని, ఊరూర కథ చెప్పి బ్రదికిన బుడగ జంగముల కుటుంబములకును ఒక వంశగౌరవము కలదు. దానికి నగరులు లేవు, పట్టపుగుర్రములు లేవు. రాత్రి భోజనముల వేళ మొదలిడి కోడికూతవరకు మూడు గొంతుకలను ఒక్క గొంతుకగా నడుపగల విద్య మాత్రము కలదు.

ఆ విద్యకు జంగం కథయనియు, తంబుర కథయనియు, బుర్రకథయనియు పలు పేళ్ళు. నడుమ కథకుడు, అతని కిరుప్రక్కల ఇరువురు వంతలు. ఇంతకు మించి సంభారము లేదు. నేడు మనము బుర్రకథ యనగానే రంగుల అంగరఖాలు తొడిగి, నడుములకు పట్టీలు బిగించి, సభావేదికపై నిలిచిన ముగ్గురు పురుషులను ఊహించుకొందుము. ఆ రూపము ఇటీవలిది. పూర్వపు జంగం కథలో ఆ ముగ్గురును సాధారణముగ ఒక్క సంసారమువారు. కథకుడు ఇంటి యజమాని. ఒక వంత భార్య. రెండవ వంత ఆమె చెల్లెలో, తోడికోడలో, ఎదిగిన కూతురో. అన్నదమ్ములే ముగ్గురై నిలిచిన మేళములును కలవు. ఇద్దరు భార్యలు గల కథకుడు చెరియొకవైపున ఒకరిని నిలుపుకొని కథ నడుపుటయు ఈ సంప్రదాయమున ప్రసిద్ధమే. ఆ సంసారమున లయ ఎట్లుండెడిదో మనకు తెలియదు గాని, వేదికపై గుమ్మెటల లయ తప్పిన సవతులకు మరునాటి బత్తెము దొరకెడిది కాదు.

వాద్యములు కొద్దివే. కథకుని కుడిభుజముపై తంబుర. దాని బుర్ర వీపువైపునకో చంకక్రిందికో ఒదుగును, తంత్రులు వ్రేళ్ళకు అందుబాటులో నుండును. అది రాగము పలుకు వాద్యము కాదు. ఆధారశ్రుతి నిచ్చి, దరువు నందించుటయే దాని పని. వ్రేళ్ళకు తొడిగిన అందెలు, లోపల బోలుగా నుండి చిన్న లోహపు గుండ్లు దాచుకొన్న వలయములు, తంబుర మీటునప్పుడెల్ల ఒకదానినొకటి తాకి తాళము పలుకును. కాళ్ళ గజ్జెలు అడుగుల లెక్క చెప్పును. వంతలు మెడకు తగిలించుకొన్న గుమ్మెటలు మట్టివో ఇత్తడివో. రెండువైపుల తోలు మూత. చలిరాత్రి మంచునకు తోలు వదులై గొంతు బొంగురుపోవును గనుక, కథకు ముందు చితుకుల మంట వేసి గుమ్మెటలను కాచుట, వ్రేలితో మీటి చెవియొగ్గి వినుట, మరల కాచుట, ఇదియంతయు పిల్లల పని. మైకులు లేని దినములలో కథకుడు ఊరి కడపటి అరుగుమీది ముసలివానికి సైతము వినబడునట్లు పాడవలెను గనుక హెచ్చు శ్రుతిలోనే గొంతు విప్పెడివాడు. ఆ శ్రుతి స్త్రీల గొంతుకకు సహజమైన తావునకు చేరువగ నుండుట భార్యాభర్తల మేళమునకు కలిసివచ్చిన సంగతి.

ఇక ఈ కళ యొక్క ప్రాణము వంతలో నున్నది, కథకునిలో లేదు. ఈ మాట కొందరికి రుచింపకపోవచ్చును, ఏలయన ప్రేక్షకుని కన్ను నడిమివానిమీదనే యుండును. కాని ఒక్క రాత్రి కన్నులు మూసికొని విన్నవారికి సత్యము తెలియును. కథకుడు పాదమును ముగించుటకు ముందే, చివరి రెండుమూడక్షరములు ఇంకను అతని నోట నుండగనే, వంతలు వానిని అందుకొని సాగదీయుదురు. ఆ సాగదీతలో కథకుడు ఊపిరి తీసికొనును, అడుగు వెనుకకు వేయును, తరువాతి పాదమును మనసులో కూర్చుకొనును. వినువానికి మాత్రము గానము ఎక్కడను తెగినట్లు తోపదు. వ్రాతప్రతి చేతలేని కథకుడు రెండుమూడు రాత్రుల కథను ఎట్లు నిలుపుకొనునని ఆశ్చర్యపడువారు, అతనికి ప్రతి పాదము చివరను ఆలోచించుకొనుటకు దొరకు ఆ రెండు లిప్తల వ్యవధిని గమనింపరు. ఆ వ్యవధి వంతలు పెట్టిన భిక్ష. కథకుడు తడబడినాడని ముఖకవళికను బట్టి గ్రహించిన భార్య, తందాన పల్లవిని ఒకమారు పాడవలసినచోట రెండుమార్లు పాడి, అతనికి దారి దొరకునంతవరకు కథను గాలిలో నిలుపును. దొరికినదని అతని మడమ గజ్జె చెప్పగనే వదలిపెట్టును. సభలో ఒక్కరికైనను ఇది తెలియదు.

లయవిన్యాసము సైతము ఇట్టిదే. ద్విపదవంటి నడకతో నెమ్మదిగ కదలిన కథ, యుద్ధఘట్టమునకు వచ్చునప్పటికి రగడ గతుల నందుకొని, అడుగులు ముందువెనుకల ఉరవడించి, గుమ్మెటలు రెండును హోరెత్తి, ఒక్కసారిగ ఆగిపోవును. ఆ నిశ్శబ్దములో కథకుడు వచనము పలుకును. ఆ ఆగుటకు సంకేత మేది? చేయి యెత్తుట లేదు, తల యూచుట లేదు. కథకుడు ఆగుటకు ముందు తీసికొను ఊపిరియే సంకేతము. ఒకే కప్పుక్రింద పండి లేచినవారికి, ఒకరి దగ్గును బట్టి వచ్చినవా డెవడో చీకటిలో గుర్తింపగలవారికి, ఆ యూపిరిని వినుట కష్టము కాదు. ఒకే ఇంట పెరిగినవారి అచ్చులు నోట ఒకే ఆకారము దాల్చును. ‘అ’కారమును ఎంత విప్పవలెనో, ‘ఏ’కారమును ఎంత లాగవలెనో వారికి తల్లి నేర్పిన మాటలతోనే వచ్చినది. అందుచే వారు ముగ్గురు కలిసి ఒక అక్షరమును సాగదీసినపుడు అది మూడు దారములుగ విడివడక ఒక్క పేటగ వినబడును. సంగీతశాస్త్రము నేర్చిన మువ్వురు ప్రవీణులు దీనిని సాధింపలేరని కాదు, ఏండ్లు పట్టును.

వంతల రెండవ విద్య అడ్డుతగులుట. కథకుడు ఆకాశమున విహరించుచుండగా, ‘ఏందప్పా, రాజు గుర్రమెక్కి యాడికి పోయె?’ యని ఒకరు క్రిందికి లాగుదురు. మరియొకరు ‘ఆహా’ యని, ‘భళి’ యని ఊకొట్టి పైకి ఎగదోయుదురు. ఇందులో ఒకరు హాస్యమునకు, మరియొకరు లోకవ్యవహారమునకు పూనుకొనుట తరువాత స్థిరపడిన పద్ధతి. కాని అడ్డుతగులుటకు అధికార మెక్కడిది? ఇక్కడనే కుటుంబము యొక్క అంతరార్థము బయటపడును. తెలుగుదేశమున ఎవరు ఎవరిని ఎగతాళి చేయవచ్చునో బంధుత్వమే నిర్ణయించినది. తమ్ముడు అన్నను నలుగురిలో నవ్వులపాలు చేయరాదు; బావమరది చేయవచ్చును. కోడలు మామ యెదుట గొంతెత్తరాదు; మరదలు బావను మాటకు మాట అప్పగింపవచ్చును, అప్పగింపకున్న సరసము లేనిదనిపించుకొనును. కథకుని ప్రక్కన మరదలు నిలిచి, రణరంగమున వీరుడు చేసిన ప్రతిజ్ఞను విని, ‘ఇంటికాడ పొయ్యిలోకి పుల్ల తెమ్మంటే తేవు గాని!’ యన్నపుడు సభ యంతయు నవ్వుట ఆ మాట చమత్కారమునకు మాత్రమే కాదు. ఆ మాట అనదగినవారే అన్నారను తృప్తి ఆ నవ్వులో సగము. అదే మాట పరాయివాడు అన్నచో సగము నవ్వు పోవును. అన్నదమ్ముల మేళములలో హాస్యము ఎప్పుడును ఒక పాలు తక్కువగ, వీరరసము ఒక పాలు ఎక్కువగ నుండుటకు కారణ మిదియే యని నా యూహ.

శిక్షణకు బడి లేదు. పసిబిడ్డ కథ జరుగుచున్నంతసేపును తల్లి కాళ్ళకడ గోనెపట్టాపై నిద్రించును. యుద్ధఘట్టములో మేల్కొని, శాంతఘట్టములో మరల నిద్రపోవును. నాలుగైదేండ్లు వచ్చునప్పటికి కథ చెవులకు పట్టి యుండును గాని వరుస తప్పి యుండును, యుద్ధములన్నియు తెలియును, వానికి కారణములు తెలియవు. పిదప చేతికి తాళములు, పిదప గుమ్మెట, అటుపిమ్మట వంత, తంబుర చిట్టచివరకు. ఇంటికి వచ్చిన కోడలి చదువు ఇంతకంటెను కఠినము. ఆమెయు కథలు చెప్పువారి బిడ్డయే యైనను పుట్టింటి వరుస వేరు, మెట్టినింటి వరుస వేరు. పల్లవి నెక్కడ అందుకొనవలెనో, ఎంత సాగదీయవలెనో ఇంటింటికి భేదము కలదు. అత్తవారింటి పొయ్యి నేర్చినట్లే అత్తవారింటి పల్లవిని ఆమె క్రొత్తగ నేర్చుకొనవలసినదే. కనుక ఈ గొంతుకల కలయిక నెత్తుటిలో నున్నదనుట పొరపాటు. అది ఇంటిలో నున్నది.

ఈ సీమ కథకునికి మరియొక కష్టము కలదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు బళ్ళారి జిల్లానుండి విడివడి వచ్చిన తాలూకాలలో ఆదోని, ఆలూరు ఉన్నవి. సరిహద్దుగీత మారినను నాలుకలు మారలేదు. కన్నడము ఇంటిభాషగ గలవారు, తెలుగువారు, ఆదోని పేటలో ఉరుదూ మాటాడువారు, అందరును ఆ రచ్చకట్టయొద్ద కూర్చుండువారే. కథ తెలుగుననే నడచును. హాస్యము మాత్రము మూడు భాషల గుమ్మములు తొక్కివచ్చును. బొబ్బిలికథ, బాలనాగమ్మ, కాంభోజరాజు, దేసింగురాజు ఎల్ల సీమలకును సమానము. 1847లో కోవెలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ కర్నూలు మండలమున చెప్పునపుడు వాగుల పేళ్ళు, గుట్టల పేళ్ళు వినువారికి ఎరుకపడినవే గనుక కథకుడు ఒళ్ళు దగ్గర పెట్టుకొని పాడవలెను. ప్రతిఫలము పంటలను బట్టి. కళ్ళములలో ధాన్యము, కథ నడుమ చదివింపులు. చదివించినవాని పేరును, వాని తండ్రి పేరును అప్పటికప్పుడు పాటలో ఇమిడ్చి, ఆ పొగడ్త ముగియులోపల రాజకుమారుని కొండగుహలో వేచియుండజేసి, మరల వచ్చి ఆ గుహలోనే కథ నందుకొనుట సామాన్యమైన నేర్పు కాదు. వాన లేని ఏడు చదివింపులును లేవు. సేద్యగాండ్రే సుగ్గికని, అనగా కూలిపనికని, మూటముల్లె గట్టి పరప్రాంతములకు పోవు ఈ పల్లెలలో, ఊరే లేచిపోయిన పిదప కథ యెవరికి?

1940వ దశకములో ఈ కళకు గొప్ప మలుపు వచ్చినది. ప్రజానాట్యమండలివారు గుంటూరుసీమ మొదలుగ ఈ మూడు గొంతుకల శక్తిని గుర్తించి, కుటుంబమునకు బదులు దళమును నిలిపిరి. పొన్నెకల్లు దూదేకుల ఇంట 1920లో పుట్టిన షేక్ నాజరు సంగీతజ్ఞానమును, నటనను, ప్రజలబాధను కలిపి బుర్రకథను పండితులు సైతము విని తీరవలసిన కళగ చేసినాడు. పల్నాటి యుద్ధము, అల్లూరి సీతారామరాజు, బెంగాలు కరువు అతని గొంతుకలో ఊరూర మ్రోగినవి. 1954 నాటి ‘అగ్గిరాముడు’ చిత్రమున అతని కథ నేటికిని చూడవచ్చును. 1986లో పద్మశ్రీ లభించినది. మోటూరి ఉదయం మొదలగు స్త్రీలు తామే దళముగ నిలిచి కథ చెప్పిరి. ఈ మలుపు లేకున్న బుర్రకథ ఎన్నడో అంతరించెడిదను వాదమును నేనును అంగీకరింతును. కాని ఒక మార్పిడి జరిగినది. జంగం ఇంట పుట్టుకతో వచ్చిన పొందికను దళములు సాధనతో తెచ్చుకొనవలసివచ్చినది. బంధుత్వ మిచ్చిన ఎగతాళి హక్కును రాజకీయవ్యంగ్యముతో భర్తీ చేయవలసివచ్చినది. నాజరు వంటి మహాశిల్పి యున్నంతకాలము లోటు తెలియలేదు. అతని అనుకర్తల చేతిలో కథకుడు గాయకుడై పెరిగి, వంతలు వాద్యగాండ్రై తరిగిరి. ఆ తరువాత ప్రభుత్వశాఖలు ఈ కళను చేపట్టి, కుటుంబనియంత్రణమును, పొదుపుపథకములను, పోలియో చుక్కలమందును వీరరసములో చెప్పించినవి. చుక్కలమందుపై నాకు ద్వేషము లేదు. దానికి రగడ యెందుకను సందేహము మాత్రము కలదు.

ఇల్లే రంగమైన ఉదాహరణము రాయలసీమలో మరియొకటి కలదు. కడప మండలపు సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో ప్రారంభించిన నాటకసమాజము, తోలుబొమ్మలాడించు కుటుంబములనుండి పుట్టి, కొడుకులు కూతుళ్ళు అల్లుళ్ళ చేతులలో పెక్కు సమాజములై దేశమంతట తిరిగినది. పురుషులు మీసములు గొరిగించుకొని ద్రౌపదులై వెలసిన ఆ రోజులలో సురభివారి ఇంటి యాడువారు తామే వేషములు కట్టిరి. తండ్రి, భర్త, సోదరుడు అదే వేదికపై నుండుటచే లోకము నోరు మెదుపలేకపోయినది. కుటుంబము స్త్రీకి రక్షయైనది. జంగం కథలోను ఇదియే జరిగినదని తలంచెదను, కాని సురభికి చరిత్రకారులు దొరికిరి.

ఇంటి గొంతుకలే బృందమైన కడలి కావలి కథ యొకటి ఇక్కడ చెప్పవలసియున్నది. పసిఫిక్కు నడుమనున్న టోంగా ద్వీపములనుండి అమెరికాకు వలసపోయిన ఉల్ఫ్‌గ్రామ్ దంపతులకు పదునేడుగురు సంతానము. వారు మార్మన్ మతస్థులు. ఆరాధనలో కుటుంబమంతయు గొంతు కలుపుట పసితనమునుండి అలవాటైన పని. తొలుత హోటళ్ళలో పాలినేషియా నృత్యగానములు ప్రదర్శించి పొట్టపోసికొని, మినియాపొలిస్ నగరమున నిలద్రొక్కుకొన్న పిమ్మట, పెద్దవారైన ఎనమండుగురు ‘ద జెట్స్’ అను పేర పాప్ సంగీతబృందమైరి. 1985లో తొలి ఆల్బము వెలువడినది. 1986లో ‘క్రష్ ఆన్ యు’ అను పాట అమెరికా పాటల పట్టికలో మూడవ స్థానమునకు ఎక్కినది. మరి రెండేండ్లవరకు వారి పాటలు కొన్ని ఆ పట్టిక శిఖరభాగమునకు చేరుచుండెను. ఆ రికార్డులను విన్నచో అక్కచెల్లెండ్ర గొంతుకలు ఎక్కడ విడివడునో ఎక్కడ కలియునో చెప్పుట కష్టము. ఆ ఎనమండుగురిలో పెంపుడు సంతానమును కలదన్నచో, కోడలి వంతను గూర్చి పైన చెప్పిన మాట సముద్రముల కావలను నిజమగుచున్నది.

కాని భేదము గమనింపదగినది. జెట్సువారి పాటలను ఎక్కువగ పరులు వ్రాసియిచ్చిరి, కంపెనీలు ఎంచినవి. కుటుంబము గొంతుక నిచ్చినది, కథ నీయలేదు. అభిరుచి మారగనే గిరాకి తగ్గినది, పెరిగి పెద్దలైన బిడ్డలలో కొందరు విడిపోయి తమ దారి చూచుకొనిరి. జంగం కుటుంబమునకు పట్టికలు లేవు, శిఖరము లేదు. కాని గొంతుకయు కథయు హాస్యమును దరువును ఇంటివే. తండ్రి గతించిన పిమ్మట కొడుకు తంబుర నెత్తుకొన్నపుడు వెనుక నిలిచిన తల్లికి ఆ కథ సమస్తమును తెలియును; అతడు తప్పినచో పల్లవిని రెండుమార్లు పాడగలది ఆమెయే. ఇంతటి నిలుకడ అంగడిసరకునకు రాదు.

ఈ కథలను కాగితమున కెక్కించిన పుణ్యాత్ములు కలరు. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’, తంగిరాల వెంకట సుబ్బారావు ‘తెలుగు వీరగాథా కవిత్వము’ లేకున్న మనకు ఈ పాటి చర్చయు సాధ్యమయ్యెడిది కాదు. అయినను అచ్చులో కథకుని పాదములు నిలుచును, వంత నశించును. చిల్లరపుస్తకములలో పల్లవిని మొదటిమారు పూర్తిగ ముద్రించి, పిమ్మట రెండు గీతల నడుమ ఒక్క అక్షరముతో సరిపెట్టుట మన అలవాటు. కథకుడు ఊపిరి తీసికొన్నది ఆ గీతల నడుమనే. తడబడినపుడు భార్య కథను మోసినది, మరదలు పొయ్యిపుల్లను గుర్తుచేసినది అక్కడనే. ఆదోని, ఆలూరు ప్రాంతములలో ముసలి కథకులును వారి వంతలును ఇంకను కొందరు కలరు. విశ్వవిద్యాలయములవారో, ఆకాశవాణివారో వారి కథను ఒక గంటకు కుదింపక, ఒక రాత్రి పొడుగున, చదివింపులతోను అడ్డుమాటలతోను సహా, వంతలిరువురికి చెరియొక మైకు నిచ్చి రికార్డు చేయింపవలెను. దానిని ప్రకటించునపుడు కథకుని పేరు వేసి తక్కినవారిని ‘బృందము’ అను మాటలో మూటగట్టు పద్ధతిని మాని, కుడివంత పేరు, ఎడమవంత పేరు, వారు కథకున కేమగుదురో ఆ వరుసయు అదే అక్షరముల పరిమాణములో అచ్చువేయవలెను.